కదపమన్నారా, కదపొద్దన్నారా

ఆ ఆసుపత్రిలో ఏ మంచం మీద పరిచిన దుప్పటైనా ముందు ఆమె చేతుల మీదుగా వెళ్ళాల్సిందే. అందుకని నర్సులు, ఆయాలు, లిఫ్టు నడిపే ఆయన, అందరూ ఆమెను దుప్పట్లక్క అనే పిలిచేవారు. నేలమాళిగలోని లాండ్రీలో పద్నాలుగేళ్ళుగా ఆమె పని ఒకటే. ఉతికి పిండిన దుప్పటిని రెండు కొసలు పట్టుకుని, ఆవిరితో వేడెక్కే పెద్ద రోలర్ల మధ్యకు ముడత పడకుండా అందించాలి. అవతలి వైపు నుంచి అది కొత్త కాగితంలా వచ్చేది.

ఒక గురువారం ఉదయం రోలర్లకు ఆవిరి తెచ్చే గొట్టం అతుకు దగ్గర ఊడింది. అతుకు వదులైందని లాండ్రీ మేస్త్రీ అప్పటికే మూడుసార్లు కాగితం పెట్టాడు. పైనుంచి మూడుసార్లూ ఆ కాగితం మీద ‘చూడవలెను’ అని రాసి పంపారు. ఎవరూ చూడలేదు.

ఆవిరి ఆమె ఎడమచేతి మీద పడింది. మణికట్టుకు బెత్తెడు పైనుంచి మోచేతి మడత దాటి జబ్బ దాకా, లోపలివైపంతా కాలింది. మేస్త్రీ పరుగెత్తుకెళ్ళి వాల్వు కట్టేశాడు. ఆమె మాత్రం పరుగెత్తలేదు. కాలితే ఇరవై నిమిషాలు పారే చల్లటి నీళ్ళ కింద పెట్టమని ఎదురుగోడ మీద కాగితం అతికించి ఉంది. పద్నాలుగేళ్ళు దాని ఎదురుగా నిలబడ్డందువల్ల ఆమెకు అది కంఠతా వచ్చు. వెళ్ళి కుళాయి కింద చెయ్యి పెట్టి, గోడ గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు నిలబడింది. తర్వాత రోజూ బట్టల బండి ఎక్కించే లిఫ్టు దగ్గరకు వెళ్ళింది. బండేదక్కా అని అడిగాడు లిఫ్టు ఆయన. ఆమె చెయ్యి చూపించింది. ఆయన తన సర్వీసులో మొదటిసారి మధ్యలో ఎక్కడా ఆపకుండా మూడో అంతస్తుకు తీసుకెళ్ళాడు.

కాలిన గాయాల వార్డు అక్కడే. ఆమెను పడుకోబెట్టిన మంచం మీది దుప్పటికి అంచు మడత ఒక పక్కకు పోయి ఉంది. అది ఎవరు మడిచారో ఆమెకు తెలుసు. అయినా ఆ రోజు ఏమీ అనలేదు.

వారం దాటాక ఆసుపత్రి వాళ్ళు విచారణ జరిపి కొత్త గొట్టం వేయించారు. పాత కాగితం మీద ‘చూడడమైనది’ అని రాసి ఫైల్లో పెట్టారు. ఆమె చెయ్యి అంత త్వరగా తేలలేదు. అంచుల్లో పైపైన కాలిన చోట దానంతట అదే మానింది గాని, మధ్యలో, ముఖ్యంగా మోచేతి మడతలో, గాయం లోతుకు దిగింది. పదకొండో రోజున పెద్ద డాక్టరు చూసి, తొడ మీంచి పల్చగా చర్మం తీసి అక్కడ అతకాలని తేల్చాడు. ఆయన వేగంగా మాట్లాడే మనిషి. నడక అంతకంటే వేగం. ఆయన వాక్యం పూర్తయ్యేసరికి సగం వార్డు దాటేసి ఉండేవాడు.

ఆపరేషను సోమవారమని తెలిశాక ఆమె భర్త తన తల్లిని తీసుకొచ్చి మంచం పక్కన కూర్చోబెట్టాడు. అతను సిటీ బస్సు కండక్టరు. రోజంతా బస్సులో అరిచి ఇంటికొచ్చాక మాటలేవీ మిగలని మనిషి. అమ్మ చూసుకుంటుందిలే అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ అమ్మ గురించి కొంచెం చెప్పాలి. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు రైలు గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేసి రిటైరైంది. చుట్టాల్లో, వీధిలో ఆవిడ పేరు గేటమ్మ. అన్నేళ్ళలో ఆవిడ గేటు దగ్గర ఆగి ఆవిడను తిట్టనివాళ్ళు చుట్టుపక్కల లేరు. దెబ్బ తగిలినవాళ్ళూ లేరు. స్టేషను నుంచి ఫోను రానిదే గేటు ఎత్తేది కాదు. రైలు వెళ్ళిపోయి, దాని వెనక రేగిన దుమ్ము కూడా అణిగిపోయినా సరే, ఫోను రావాల్సిందే. ఒకసారి రైల్వే పెద్దాఫీసరే జీపులో కూర్చుని హారను మోగించాడట. ఆవిడ దగ్గరకెళ్ళి, రూలు మీరు రాసిందే కదయ్యా అని చెప్పి వచ్చి కూర్చుందట.

అత్తాకోడళ్ళు పదహారేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. గొడవలు లేవు. మాటలూ అంతగా లేవు. ఒకరు డ్యూటీ దిగి వస్తుంటే ఇంకొకరు డ్యూటీకి వెళ్ళేవారు. తాళంచెవి ఎక్కడుంది, పాలు కాచారా, నీళ్ళ మోటారు కట్టారా, ఇంతవరకే. గేటమ్మ రిటైరయ్యాక కూడా ఆ పద్ధతి మారలేదు. అలవాటైపోయింది.

సోమవారం ఆపరేషను అయింది. చెయ్యి మోచేతి దగ్గర వంగకుండా కింద గట్టి బద్ద పెట్టి, పైన మందంగా కట్టు కట్టి, రెండు దిండ్ల మీద ఎత్తుగా పెట్టారు. సాయంత్రం పెద్ద డాక్టరు వచ్చి, కట్టు చూసి, వెళ్ళబోతూ అన్నాడు.

“ఐదు రోజులు మోచెయ్యి కదలకూడదు. కొత్త చర్మాన్ని కింద ఉన్న రక్తనాళాలు పట్టుకోవాలి. ఈలోగా అది పక్కకు జరిగిందంటే పట్టు పోతుంది.”

“ఐదు రోజులంటే ఏ గంట దాకా?” అంది గేటమ్మ.

ఆయన ఆగాడు. ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు.

“ఆపరేషను అయ్యేసరికి పదకొండూ నలభై.”

“అయితే శనివారం పదకొండూ నలభై.”

“అలాగే అనుకోండమ్మా.”

“మరి వేళ్ళు?”

“వేళ్ళు కదపొచ్చు. కదిపితేనే మంచిది, వాపు దిగుతుంది. మోచెయ్యి మాత్రం వద్దు.”

ఆవిడ తలూపింది. ఆ క్షణం నుంచి డ్యూటీ ఎక్కింది.

ఆ ఐదు రోజులు వార్డులో అందరికీ గుర్తుండిపోయాయి. గేటమ్మ కళ్ళల్లో ఒత్తులు వేసుకుని ఆ చేతిని కాపలా కాసింది. గంటకోసారి వేళ్ళు పదిసార్లు మూసి తెరిపించేది. పదకొండోసారి తెరవనిచ్చేది కాదు. కొడుకు వచ్చి దిండు సర్దబోతే, డాక్టరు చెప్పాడా అని అడిగింది. చెప్పలేదని అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లాండ్రీ వాళ్ళు ఆరుగురు కలిసి చూడటానికొస్తే, వాళ్ళలో ఒకామె ఏడుస్తూ మంచం మీదికి వంగింది. గేటమ్మ తన గొడుగు తీసి ఆమెకూ మంచానికీ మధ్య అడ్డంగా పెట్టింది. ఏడ్చేది అక్కడి నుంచే ఏడవమంది. ఆమె అక్కడి నుంచే ఏడ్చి వెళ్ళింది.

దుప్పట్లక్కకు చేతి కంటే తొడ ఎక్కువ మండేది. చర్మం తీసిన చోటు అలాగే ఉంటుందని, అది పైపొర పోయిన నొప్పని నర్సు చెప్పింది. చెయ్యి మాత్రం కట్టు లోపల నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దమే ఆమెకు నచ్చలేదు. లోపల చర్మం పట్టుకుందో, జారిందో, అసలుందో లేదో తెలియదు. మూసిన పెట్టెలో ఎవరిదో వస్తువు పెట్టుకుని కూర్చున్నట్టు ఉండేది. తుమ్ము వస్తే భయం. దగ్గు వస్తే భయం. కునుకు పడితే కలలో దుప్పటి రెండు కొసలూ పట్టుకుని లాగేది, ఉలిక్కిపడి లేచేది. లేచి చూస్తే అత్తగారి చెయ్యి బద్ద మీద ఆనీ ఆననట్టు ఉండేది.

శనివారం కట్టు విప్పే వేళకు ఆయా వచ్చి గేటమ్మను బయటికి పంపింది. కట్టు విప్పేటప్పుడు బయటివాళ్ళు ఉండకూడదు. అది కూడా రూలే కాబట్టి ఆవిడ మారు మాట్లాడలేదు. వరండాలో నిలబడింది. పదకొండూ నలభై ఆవిడ అక్కడ ఉండగానే అయింది.

లోపల పెద్ద డాక్టరు చర్మాన్ని చూసి తృప్తిపడ్డాడు. గులాబీ రంగుకు తిరిగింది, చక్కగా పట్టింది. అంచున ఒకచోట మాత్రం రూపాయి బిళ్ళంత మేర పట్టలేదు. దానంతట అదే మానుతుందన్నాడు. దుప్పట్లక్క ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. చర్మాన్ని సాగదీయడానికి సన్నటి గాట్లు పెట్టి వేస్తారట. అందువల్ల అది వలలాగా కనిపించింది. ఆ చెయ్యి తనదని ఆమెకు అనిపించలేదు.

ఆయన బయటికొస్తూ చిన్న డాక్టరుతో, రేపట్నుంచి మొదలుపెట్టించండి అన్నాడు. గేటమ్మతో, బాగా పట్టిందమ్మా అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ఏదో డాక్టర్ల సమావేశానికని నాలుగు రోజులు ఊరు వెళ్ళాడు. ఏం మొదలుపెట్టించాలో గేటమ్మకు ఎవరూ చెప్పలేదు.

ఆదివారం ఎవరూ రాలేదు. సోమవారం పొద్దున ఫిజియో అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. చేతిలో రెండు పుల్లలు మేకుతో కలిపినట్టుండే ప్లాస్టిక్ స్కేలు ఉంది. దాంతో కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలుస్తారు. ఇవాళ మోచెయ్యి కొంచెం వంచుదామక్కా అని బద్దకున్న పట్టీ మీద చెయ్యి వేసింది.

గేటమ్మ లేచి నిలబడింది. మోచెయ్యి కదపొద్దని పెద్ద డాక్టరు తనతో చెప్పాడంది. అది ఐదు రోజుల వరకేనని ఆ అమ్మాయి చెప్పింది. ఐదు రోజులైన మాట నిజమేననీ, కదపమని మాత్రం తనకెవరూ చెప్పలేదనీ ఆవిడ అంది. వద్దనడం ఆగిపోతే కదపమన్నట్టేనని ఆ అమ్మాయి అంది. కాదు, రైలు వెళ్ళిపోవడం వేరు, గేటెత్తమనడం వేరు అని ఆవిడ అంది. ఆ అమ్మాయికి రైళ్ళ సంగతి తెలియదు. ఫైల్లో రాసుందని ఫైలు తెచ్చి చూపించింది.

ఫైల్లో శనివారం తారీకు కింద ఒక గీత ఉంది. ఆ గీత అక్కడక్కడా ఎత్తుగా లేచి పడుతోంది.

“ఇందులో కదపమని రాసుందా, కదపొద్దని రాసుందా?” అంది గేటమ్మ.

ఆ అమ్మాయి ఫైలును వెలుతురు వైపు తిప్పింది. కాసేపు చూసింది. నిజం చెప్పే అలవాటున్న పిల్ల కావడం వల్ల, రెండు రకాలుగానూ చదవొచ్చు అని ఒప్పుకుంది. రాసిన చిన్న డాక్టరు ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడు. సాయంత్రానికి గాని బయటికి రాడు. చివరికి ఆ అమ్మాయి రోగినే అడిగింది.

“మీరేమంటారక్కా?”

“అత్తయ్య ఎలా చెబితే అలా” అంది దుప్పట్లక్క.

పదహారేళ్ళలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. గేటమ్మ ఆమె వైపు ఒకసారి చూసింది.

మంగళవారం ఫిజియో అమ్మాయి హెడ్ నర్సును వెంటబెట్టుకుని వచ్చింది. చిన్న డాక్టరును అడిగాను, కదపమనే రాశానన్నారు అని హెడ్ నర్సు చెప్పింది. గేటమ్మ మెత్తబడేలా కనిపించింది. అప్పుడు దుప్పట్లక్క మంచం మీంచి మెల్లగా, అంచున ఇంకా పట్టని చోటు ఉంది కదా, అది మానాక మొదలుపెడితే మంచిదేమో అంది. అంతే, గేటమ్మ మళ్ళీ బిగుసుకుంది. నిదానమే ప్రధానం అంది. ఫిజియో అమ్మాయి వెంటనే, ఆలస్యం అమృతం విషం అంది. రెండూ పెద్దవాళ్ళు చెప్పినవే కాబట్టి హెడ్ నర్సు ఎటూ తేల్చకుండా వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి మాత్రం ఇంకాసేపు నిలబడింది. “కొత్త చర్మానికి ముడుచుకోవడం ఒకటే తెలుసమ్మా. మనం సాగదీయకపోతే అది దాని పని అది చేసుకుపోతుంది. రోజూ కొంచెం కొంచెం ఎక్కువవుతుంది” అని చెప్పి వెళ్ళింది. ఆమె గొంతులో కోపం లేదు. అది ఇద్దరినీ ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

బుధవారం పెద్ద డాక్టరు వచ్చాడు. మంచం దగ్గరకొచ్చి, ఎంత వంగుతోందని ఫిజియో అమ్మాయిని అడిగాడు. ఆ అమ్మాయి నేల చూసింది.

“మొదలుపెట్టలేదా?”

“మీరు నాకు చెప్పలేదు డాక్టరు గారూ” అంది గేటమ్మ. “వద్దన్నప్పుడు నాకు చెప్పారు. కదపమన్నప్పుడు నడుస్తూ ఎవరికో చెప్పారు.”

ఆయన కోప్పడతాడని అందరూ అనుకున్నారు. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన ఆ వార్డులో కూర్చోవడం ఎవరూ చూడలేదు.

“నిజమే. మీకూ చెప్పాల్సింది. ముఖ్యంగా ఆవిడకు చెప్పాల్సింది.” కోడలి వైపు తిరిగాడు. “చర్మం పట్టింది. ఇప్పుడు మెల్లగా కదిపితే ఊడిపోదు. ఆ బిళ్ళంత చోటు దాని పాటికి అది మానుతుంది, దానికోసం ఆగక్కర్లేదు. మొదట్లో కదపకపోవడం ఎంత అవసరమో ఇప్పుడు కదపడం అంత అవసరం. ఇప్పటికే మూడు రోజులు పోయాయి.”

“రాసివ్వండి” అంది గేటమ్మ.

ఆయన చీటీ తీసి రాశాడు. పలక మీద దిద్దినట్టు ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు. గేటమ్మ దాన్ని పైకి చదివింది. ఈ రోజు నుంచి మోచెయ్యి కదపాలి. మెల్లగా వంచి, మెల్లగా చాపాలి. మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి. పడుకునేటప్పుడు బద్ద కట్టాలి. చదివి, మడిచి, లోపల పెట్టుకుంది. ఆయన వెళ్ళాక కోడలి వైపు తిరిగింది.

“ఊఁ, వంచు.”

దుప్పట్లక్క వంచలేదు. దిండు వైపు చూస్తూ అంది.

“నాకు భయంగా ఉందత్తయ్యా. ఊడిపోతుందేమోనని. సోమవారం నుంచీ అదే. మీరు వద్దంటుంటే హాయిగా ఉండింది.”

గేటమ్మ స్టూలు మీద కూర్చుంది.

“భయమని ముందే చెప్పి ఉంటే ఆ పిల్లతో రెండు రోజులు నేనెందుకు తగువుపడేదాన్ని?” అంది. కాసేపయ్యాక, “నాకూ భయంగానే ఉంది. లేకపోతే కాగితం ఎందుకడుగుతాను” అంది.

ఫిజియో అమ్మాయి ఇద్దరి మధ్యా మెల్లగా చొరబడి బద్ద విప్పింది. ఒక అరచెయ్యి మోచేతి కింద, ఇంకొకటి మణికట్టు కింద పెట్టి, మీరే వంచండి అక్కా, నేను ఊరికే మోస్తానంతే అంది. దుప్పట్లక్క పళ్ళ బిగువున వంచింది. తొమ్మిది రోజులు తిన్నగా ఉన్న కీలు మొరాయించింది. కట్టు కింద ఎవరో చర్మాన్ని చుట్టూ పిన్నులు గుచ్చి పట్టుకున్నట్టుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏదీ ఊడలేదు. ఆ అమ్మాయి స్కేలు పెట్టి ముప్పై ఐదు డిగ్రీలంది. నోటిదాకా చెయ్యి తెచ్చుకోవాలంటే నూట ముప్పై దాకా కావాలట. గేటమ్మ అంతసేపూ గోడ వైపు తిరిగి ఉంది. అయిందా అని అడిగి, అయిందన్నాక ఇటు తిరిగింది.

తర్వాత రెండు గంటలకు మళ్ళీ వంచారు. ముప్పై ఎనిమిది. ఇక గేటమ్మను పట్టలేకపోయారు. మెలకువగా ఉన్నంతసేపు అని రాసుంది కాబట్టి మధ్యాహ్నం కునుకు తీయబోతే కూడా, మెలకువగానే ఉన్నావు కదా అని లేపి వంచమనేది. కదపొద్దన్నప్పుడు ఎంత మొండిగా కాపలా కాసిందో, కదపమన్నాక అంత మొండిగా వెంటబడింది. పక్క మంచం ఆమె, ఇంతకంటే కదపొద్దన్న అత్తగారే నయమమ్మా అంది. అది విని దుప్పట్లక్క చాలారోజుల తర్వాత నవ్వింది. మరో పది రోజులకు డెబ్భై దాటి, తొంభై దాటి, నూట పదిలో ఇంటికి పంపారు.

ఇంటికి వచ్చాక సలహాలు మొదలయ్యాయి. ఎదురింటి ఆయన, మూడు నెలలు మెడలో జోలె కట్టుకుని వేలాడదీస్తే చెయ్యి దానంతట అదే తేలిక పడుతుందన్నాడు. భర్త తరఫు బాబాయి ఒకాయన ఫోను చేసి, అతికిన చర్మం అరువు చర్మం, దాన్ని ఇబ్బంది పెట్టకూడదన్నాడు. అది నా చర్మమే బాబాయిగారూ, తొడ మీదిదే అని దుప్పట్లక్క చెప్పినా ఆయన వినలేదు. గేటమ్మ ఎదురింటాయనకు చీటీ చదివి వినిపించింది. ఫోనులో బాబాయికి కూడా చదివి వినిపించింది. రెండోసారి ఎవరూ సలహా చెప్పలేదు.

ఆసుపత్రిలో చెయ్యి వంగనని మొండికేసింది. ఇంట్లో చాపుకోనని మొదలుపెట్టింది. మడతలో చర్మం గట్టిపడి, ఎర్రగా ఉబ్బి, చేతిని లోపలికి లాగేది. పగలు ఎంత సాగదీసినా తెల్లారేసరికి కుక్కతోకలా మళ్ళీ వంకర. అందుకే పడుకునేటప్పుడు బద్ద, మిగతా వేళల్లో చేతికి బిగుతుగా ఉండే తొడుగు. తొడుగు కింద దురద. నొప్పినైనా ఓర్చుకోవచ్చు గాని ఆ దురదను ఓర్చుకోవడం ఆమె వల్ల కాలేదు. గోకకూడదు, రుద్దకూడదు. తడి గుడ్డ అద్ది, క్రీము రాసి, వేరే సంగతి ఆలోచించమని ఆసుపత్రిలో చెప్పారు. వేరే సంగతేదీ ఆమెకు తట్టలేదు.

రెండో నెలలో ఫిజియో అమ్మాయి స్కేలు పెట్టి చూసి, మళ్ళీ పెట్టి చూసింది. పోయినసారి పూర్తిగా చాపడానికి పది డిగ్రీలే తక్కువ, ఇప్పుడు పాతిక తక్కువ. బద్ద రోజూ కడుతున్నారా అని అడిగింది. దుప్పట్లక్క ఒప్పేసుకుంది. పన్నెండు రోజులుగా పడుకోగానే బద్ద విప్పేసి, గేటమ్మ లేచేలోపు మళ్ళీ కట్టుకుంటోంది.

దారిలో గేటమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి చేరి, చెప్పులు విప్పి, తలుపు వేశాక మొదలుపెట్టింది. రెండు నెలలుగా తాను కాలు మీద కాలేసుకుని కూర్చున్నది లేదంది. గడియారం చూసీ చూసీ కళ్ళు కాయలు కాశాయంది. ఎవరి కోసమంది. దుప్పట్లక్క కాసేపు విన్నది. తర్వాత ఆమె కూడా గొంతు పెంచింది. పదహారేళ్ళలో ఆ ఇంట్లో అదే మొదటి గొడవ కావడంతో ఇద్దరికీ చెప్పడానికి చాలా ఉంది. ఆ దురద మీకు తెలుసా అంది. పొద్దున లేస్తే వంచు, చాపు తప్ప మనిషితో ఒక్క మాటైనా మాట్లాడారా అంది. చివరికి అంది:

“ఎత్తమన్నప్పుడు ఎత్తి, దించమన్నప్పుడు దించడానికి నా చెయ్యి మీ గేటు కాదత్తయ్యా.”

గేటమ్మ ఆలోచించింది.

“కాదు” అంది. “గేటైతే చెప్పిన మాట వినేది.”

ఎవరు ముందు నవ్వారో తర్వాత ఎవరికీ గుర్తులేదు. కండక్టరు డ్యూటీ దిగి వచ్చేసరికి తల్లీ భార్యా గచ్చు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నారు. ఏమైందని అడగడానికి ధైర్యం చాలక, వీధి చివరిదాకా నడిచి, అరగంట తర్వాత మళ్ళీ వచ్చాడు.

మర్నాడు ఇద్దరూ ఫిజియో అమ్మాయి దగ్గరకెళ్ళి దురద సంగతి అడిగారు. అంతకుముందు ఎవరూ అడగలేదు కాబట్టి ఆ అమ్మాయి చెప్పలేదు. బద్ద లోపల మెత్తటి నూలు గుడ్డ వేసింది. ఒరుసుకుంటున్న చోట అంచు చెక్కించింది. దురదకు మాత్రలు రాయమని డాక్టరుకు చెప్పింది. ఇక వంచడం, చాపడం వేళలు దుప్పట్లక్కే చూసుకుంటుందని, గేటమ్మ ఏమీ గుర్తుచేయకూడదని ఇంట్లో ఒప్పందం జరిగింది. బదులుగా రోజుకు రెండుసార్లు మచ్చకు క్రీము రాసి బొటనవేలితో మర్దన చేసే పని గేటమ్మకు దక్కింది. పావుగంట ఎదురెదురుగా కూర్చోవాలి, చూపులు తిప్పుకోవడానికి చోటుండదు. అందువల్ల మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఒక గూడ్సు బండి గేటు మధ్యలో ఐదు గంటలు ఆగిపోయిన కథ, ఒకడు సైకిలు నెత్తిన పెట్టుకుని గేటు కింద దూరబోయి ఇరుక్కున్న కథ, అలా ఒక్కొక్కటి బయటికి వచ్చాయి. లాండ్రీ కథలూ వచ్చాయి. ఏ వార్డు దుప్పట్లు ఎందుకు ముందు చిరుగుతాయో గేటమ్మకు ఇప్పుడు తెలుసు.

ఎత్తుగా చేతులు చాపే పని ఏదైనా చేయమంది ఫిజియో అమ్మాయి. దుప్పట్లక్క డాబా మీది తీగ మీద బట్టలు ఆరేయడం మొదలుపెట్టింది. మొదట చేతిగుడ్డలు, తర్వాత తువ్వాళ్ళు, తర్వాత దుప్పట్లు. తడి దుప్పటి బరువుకు మోచెయ్యి ఇంకొంచెం తెరుచుకునేది. పాతిక డిగ్రీలు ఇరవై అయింది, పదిహేనైంది, ఆరో నెలకు ఎనిమిదైంది. ఆ ఎనిమిది దగ్గర ఆగిపోయింది. ఆ మూడు రోజులు పోకపోతే, ఆ పన్నెండు రోజులు బద్ద విప్పకపోతే ఈ ఎనిమిది కూడా ఉండేది కాదా అని ఆమె పెద్ద డాక్టరును అడిగింది. ఆయన కూర్చునే ఉన్నాడు, ఇప్పుడు కూర్చోవడం అలవాటైంది. ఉండకపోవచ్చు, ఉండొచ్చు, చెప్పలేనన్నాడు. ఇంకా బిగుసుకుంటే చిన్న ఆపరేషను చేయొచ్చు గాని, ఈ చేతికి అవసరం లేదన్నాడు.

ఏడో నెలలో ఆమె పనిలో చేరింది. మొదట నెల్లాళ్ళు మడతల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తర్వాత తానే అడిగి రోలర్ల దగ్గరకు వెళ్ళింది. మొదటి రోజు ఆవిరి చప్పుడు విని రెండడుగులు వెనక్కి వేసింది. మేస్త్రీ చూడనట్టు అటు తిరిగాడు. మధ్యాహ్నానికి ఆమె దుప్పటి అందించింది. ఎడమ కొస కుడి కొస కంటే కొంచెం ఆలస్యంగా లోపలికి వెళ్ళింది గాని, ముడత పడలేదు.

ఆ ఏడాది చివర్లో ఆ వార్డుకు ఒక వంటాయన వచ్చాడు. హోటల్లో మరిగే నూనె పడి కుడిచెయ్యి కాలింది. చర్మం వేశారు, పట్టింది. కదపమని పెద్ద డాక్టరు స్టూలు మీద కూర్చుని, ఆయనకూ భార్యకూ విడివిడిగా చెప్పి, రాసిచ్చాడు కూడా. అయినా ఆ భార్య ఒప్పుకోలేదు. తన కళ్ళ ఎదుట మాడిన చేతిని తన కళ్ళ ఎదుట వంచితే చూడలేనంది. రెండు రోజులు చెప్పి చూసి, ఫిజియో అమ్మాయి గేటమ్మకు ఫోను చేసింది.

గేటమ్మ వెళ్ళింది. ఆ భార్యకు ఏ రూలూ చెప్పలేదు. బయట బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని, ఏమిటి భయం అని అడిగిందట. ఆమె చెప్పుకుపోయిందట. గంటన్నర పట్టిందట. అంతా అయ్యాక, సరే, ఇద్దరం కలిసి గోడ వైపు తిరిగి కూర్చుందాం, ఆయన వంచుకుంటాడు అని లోపలికి తీసుకెళ్ళిందట.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, వంటాయనది నలభై రెండు డిగ్రీలు వంగింది అని కోడలితో చెప్పింది.

“నా మొదటి రోజు ముప్పై ఐదే” అంది దుప్పట్లక్క.

“ఆయన ఆలస్యం చేసింది రెండు రోజులే” అంది గేటమ్మ. తువ్వాలు అందుకుని, పాలు కాచావా అని అడిగింది.